నీరు అనే అనుగ్రహం: రోజుకు ఎంత త్రాగాలి?

ప్రాణమున్న ప్రతిదాన్నీ నీటితోనే ఉనికిలోకి తెచ్చానని విశ్వప్రభువు దివ్య ఖురాన్ అన్బియా సూరా 30వ ఆయతులో తెలియజేశాడు. వాఖిఆ సూరా 68 నుండి 70 వరకు గల ఆయతులలో మనం త్రాగే నీటినే ఎదుట పెట్టి ప్రశ్నించాడు. మేఘాల నుండి దాన్ని దించుతున్నది మీరా, మేమా అని అడిగాడు. తలచుకుంటే దాన్ని నోట పెట్టలేనంత ఉప్పగా చేసి ఉండేవాడినని గుర్తుచేసి, మరి కృతజ్ఞులు ఎందుకు కారని నిలదీశాడు. కృతజ్ఞత అంటే నాలుకతో అల్‌హమ్దులిల్లాహ్ అనడం మాత్రమే కాదు. ఆ అనుగ్రహాన్ని ఎంత మేరకు, ఏ రీతిలో వినియోగించాలో తెలుసుకొని మసలుకోవడం కూడా కృతజ్ఞతలో భాగమే.

ఈ విషయంలో మన ఇళ్ళలో రెండు విధాల పొరపాట్లు కనబడుతున్నాయి. ఎంత ఎక్కువ త్రాగితే అంత ఆరోగ్యమని భావించి, తెల్లవారుతూనే చెంబుల కొద్దీ నీరు బలవంతంగా త్రాగేవారు కొందరు. పనుల ఒత్తిడి వల్లనో, బిడియం వల్లనో, రాత్రివేళ లేవవలసి వస్తుందన్న భయం వల్లనో దాహాన్ని అణచుకునేవారు మరికొందరు. మొదటివారికి ఎవరో చెప్పిన లెక్క ఉంది. రెండవవారికి ఏ లెక్కా లేదు. వాస్తవానికి ఇద్దరికీ కావలసినది ఒక్కటే, తమ శరీరపు అవసరాన్ని గురించిన సరైన అవగాహన.

శరీరంలో నీటి జమాఖర్చు

వయోజనుడైన పురుషుని బరువులో దాదాపు 60 శాతం నీరే. స్త్రీలలో ఇది కొంత తక్కువ. పుట్టిన శిశువులో దాదాపు 75 శాతం. ఈ నీరు నిలువ ఉండే చెరువు వంటిది కాదు, నిత్యం వస్తూ పోతూ ఉండే ప్రవాహం వంటిది.

మితమైన వాతావరణంలో, శ్రమ ఎక్కువ లేని వ్యక్తి శరీరం నుండి రోజుకు సుమారు రెండున్నర లీటర్ల నీరు వెలుపలికి పోతుంది. అందులో లీటరున్నర వరకు మూత్రం. చర్మం నుండి, శ్వాస నుండి మనకు తెలియకుండానే ఆవిరైపోయేది ముప్పావు లీటరుకు పైగా. మిగిలిన కొద్ది భాగం మలంతో పోతుంది. ఈ ఖర్చుకు సరిపడా జమ మూడు మార్గాల నుండి లభిస్తుంది. త్రాగే ద్రవాల నుండి లీటరున్నర, తినే ఆహారం నుండి ముప్పావు లీటరు, శరీరం ఆహారాన్ని శక్తిగా మార్చుకునేటప్పుడు లోపలే తయారయ్యే నీరు పావు లీటరు చొప్పున లెక్కించవచ్చు.

ఇక్కడ గ్రహించవలసిన సంగతి ఒకటుంది. అన్నంలో, పప్పులో, చారులో, మజ్జిగలో, కూరగాయలలో, పండ్లలో ఉన్న నీరంతా లెక్కలోనిదే. దోసకాయ, పుచ్చకాయ వంటి వాటిలో 90 శాతానికి మించి నీరే ఉంటుంది. టీ, కాఫీలు నీటిని బయటకు తోసివేస్తాయని చాలామంది భావిస్తారు గానీ, మితంగా త్రాగినపుడు వాటిలోని నీరు కూడా శరీరానికి చెందుతుంది.

ఎనిమిది గ్లాసుల మాట ఎక్కడిది?

రోజుకు ఎనిమిది గ్లాసులు త్రాగి తీరాలన్న మాట మనకు నలువైపుల నుండి వినిపిస్తుంది. 1945లో అమెరికాకు చెందిన ఆహార, పోషణ మండలి ఒక సిఫారసు చేసింది. వయోజనునికి రోజుకు రెండున్నర లీటర్ల నీరు తగినదని చెబుతూనే, అందులో అధిక భాగం ఆహారంలోనే లభిస్తుందని కూడా పేర్కొంది. ఈ మాటకు మూలం ఆ సిఫారసేనని, కాలక్రమంలో జనం మొదటి వాక్యాన్ని పట్టుకొని రెండవ వాక్యాన్ని వదిలివేశారని పలువురి అభిప్రాయం. 2002లో హైన్జ్ వాల్టిన్ అనే మూత్రపిండాల శాస్త్రవేత్త ఈ ఎనిమిది గ్లాసుల నియమానికి ఆధారాల కోసం వైద్య గ్రంథాలను గాలించి, ఆరోగ్యవంతులందరికీ దాన్ని వర్తింపజేయడానికి తగిన శాస్త్రీయ ఆధారం కనబడలేదని తేల్చారు.

తర్వాతి కాలపు అంచనాలు కూడా ఒకే విధంగా లేవు. 2004లో అమెరికా వైద్య సంస్థ పురుషులకు 3.7 లీటర్లు, స్త్రీలకు 2.7 లీటర్లు అని సూచించింది. 2010లో యూరోపు ఆహార భద్రతా సంస్థ పురుషులకు 2.5 లీటర్లు, స్త్రీలకు 2 లీటర్లు చాలునన్నది. గర్భవతులకు మరో 300 మిల్లీలీటర్లు, పాలిచ్చే తల్లులకు మరో 700 మిల్లీలీటర్లు చేర్చింది. ఈ సంఖ్యలన్నీ ఆహారంలోని నీటిని కూడా కలుపుకొన్నవే. దాన్ని తీసివేస్తే, త్రాగవలసినది ఇందులో సుమారు నాలుగింట మూడు వంతులు లేక ఐదింట నాలుగు వంతులు మాత్రమే.

2022లో ఇరవైకి పైగా దేశాలకు చెందిన 5,600 మందికి పైగా ప్రజలపై జరిపిన ఒక విస్తృత పరిశీలన సైన్స్ పత్రికలో వెలువడింది. వయస్సు, లింగం, శరీర పరిమాణం, శ్రమ, ఎండ, తేమ, గర్భధారణ వంటి వాటిని బట్టి నీటి అవసరం మనిషి మనిషికీ మారుతుందని, అందరికీ సరిపోయే ఒకే కొలత లేదని అది స్పష్టం చేసింది. చల్లని గదిలో కూర్చుని పనిచేసే గుమస్తాకు, రామగుండం ఎండలో ఇటుకలు మోసే కూలీకి ఒకే లెక్క ఎలా వర్తిస్తుంది?

దాహం: ప్రభువు అమర్చిన తూకం

మన శరీరంలో సృష్టికర్త అమర్చిన ఏర్పాటు ఎంతో సూక్ష్మమైనది. రక్తం గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడు దాన్ని పసిగడుతుంది. ఒకవైపు దాహాన్ని పుట్టిస్తుంది. మరోవైపు ఒక హార్మోను ద్వారా నీటిని పొదుపు చేయవలసిందిగా మూత్రపిండాలకు కబురు పంపుతుంది. ఆ మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో 99 శాతాన్ని తిరిగి రక్తానికి అప్పగిస్తాయి. కాబట్టి ఆరోగ్యవంతుడైన వయోజనునికి దాహమే నమ్మదగిన మార్గదర్శి. దానికి తోడు మూత్రం రంగును గమనించుకుంటే సరిపోతుంది. లేత పసుపు రంగులో ఉంటే నీరు చాలినట్లు. ముదురు రంగులో, తక్కువ పరిమాణంలో ఉంటే చాలనట్లు. అయితే కొన్ని మందులు, విటమిన్ బిళ్ళలు కూడా రంగును మారుస్తాయని గుర్తుంచుకోవాలి.

ఈ తూకం ఒంటరిగా చాలని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వృద్ధాప్యంలో దాహపు స్పృహ మందగిస్తుంది. శరీరం ఎండిపోతున్నా పెద్దవారు నీరు అడగరు. అందుచేత ఇంటివారే వేళకు గ్లాసు చేతికి అందించాలి. విరేచనాలు, వాంతులు, జ్వరం వచ్చినపుడు నీటితో పాటు లవణాలు కూడా పోతాయి. అపుడు ఓ.ఆర్.ఎస్. పొట్లం శ్రేష్ఠం. అది దొరకనపుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సమతలంగా కొలిచి కలిపి కొద్దికొద్దిగా త్రాగించవచ్చు. ఇక ఆరు నెలలు నిండని పసికందుకు మండు వేసవిలోనైనా విడిగా నీరు పట్టనవసరం లేదు. తల్లిపాలలోనే కావలసిన నీరు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ బిడ్డ కోసం నీరు త్రాగవలసినది తల్లి.

ఎండలో శ్రమించేవారు దాహం వేసేదాకా ఆగడం కూడా సరికాదు. తీవ్రమైన వేడిలో గంటకు లీటరు వరకు చెమట పోగలదు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి, అధికారిక లెక్కల ప్రకారమే, రెండువేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2024లో హజ్ దినాలలో మక్కాలో ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటింది. ఆ యాత్రలో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో అధికులు అనుమతి లేక, నీడ, వసతి దొరకక ఎండలో చాలా దూరం నడిచినవారు. హజ్‌కు, ఉమ్రాకు బయలుదేరే మన పెద్దలు గొడుగును, నీటి సీసాను యాత్రా సామగ్రిలో అదనపు బరువుగా భావించరాదు. నీరు ఒక్కటే వడదెబ్బను ఆపలేదు, నీడ, విశ్రాంతి కూడా కావాలి. మజ్జిగ, గంజి, రాగి జావ వంటివి మన ప్రాంతపు పెద్దలు ఎండాకాలానికి ఎంచుకున్న పానీయాలు. వాటిలో నీరు, కాస్త ఉప్పు రెండూ చేరుతాయి.

మితిమీరితే నీరూ కీడే

తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్నది ఆరాఫ్ సూరా 31వ ఆయతు భావం. ఈ హెచ్చరిక నీటికి కూడా వర్తిస్తుంది. తక్కువ వ్యవధిలో అవసరానికి మించి నీరు త్రాగితే రక్తంలోని సోడియం పలుచబడుతుంది. తలనొప్పి, వికారం, తికమక, మూర్ఛ, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా కలుగుతాయి. 2002లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో పరిశీలించిన 488 మంది పరుగు క్రీడాకారులలో 13 శాతం మందికి సోడియం ఉండవలసిన దానికంటే తగ్గిపోయినట్లు తేలింది. పరుగు మధ్యలో అతిగా ద్రవాలు త్రాగి బరువు పెరిగినవారిలోనే ఈ ప్రమాదం ఎక్కువగా కనబడింది.

మరింత జాగ్రత్త అవసరమైనది గుండె బలహీనపడినవారి విషయంలో, మూత్రపిండాలు దెబ్బతిన్నవారి విషయంలో. డయాలిసిస్ చేయించుకునే రోగి శరీరం అదనపు నీటిని బయటకు పంపలేదు. ఆ నీరు కాళ్ళలో, ఊపిరితిత్తులలో చేరి ఊపిరాడనివ్వదు. అందుకే వైద్యులు వారికి రోజుకు ఇంతే అని కొలత నిర్ణయిస్తారు. పరామర్శకు వచ్చిన బంధువులు ప్రేమకొద్దీ, నీళ్ళు బాగా త్రాగితే కిడ్నీలు శుభ్రపడతాయని చెప్పి ఆ కొలతను చెడగొట్టడం మేలు చేసినట్లు కాదు. దీనికి భిన్నంగా, మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే తత్వం ఉన్నవారికి రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వెలువడేటంతగా నీరు త్రాగమని వైద్యులు సలహా ఇస్తారు. ఒకే నీరు ఒకరికి ఔషధం, మరొకరికి అపథ్యం.

ఇంటిలో దాహాన్ని దాచుకునేవారు

మన కుటుంబాలలో అందరికంటే తక్కువ నీరు త్రాగేది ఎవరని పరికించి చూస్తే, చాలా సందర్భాలలో ఇంటి ఇల్లాలే కనబడుతుంది. ప్రయాణానికి బయలుదేరే రోజు, పెళ్ళికి వెళ్ళే రోజు స్త్రీలు ఉదయం నుండే నీరు మానుకుంటారు. దారిలో శుభ్రమైన, మరుగున్న మరుగుదొడ్డి దొరకదని వారికి తెలుసు. పాఠశాలలో సరైన వసతి లేక, ఇంటి నుండి తీసుకువెళ్ళిన నీటి సీసాను ముట్టకుండా సాయంత్రం తిరిగి తెచ్చే ఆడపిల్లలు ఉన్నారు. తలనొప్పి, నీరసం, మలబద్ధకం, మళ్ళీ మళ్ళీ వచ్చే మూత్రనాళపు ఇన్ఫెక్షన్లకు ఈ అలవాటు దారితీయగలదు. ఆ సీసా నిండుగా తిరిగి వస్తే బిడ్డను మందలించే ముందు, బడిలో మరుగుదొడ్డి ఎలా ఉందో తండ్రి వెళ్ళి చూడాలి. మస్జిద్ కమిటీలు, మద్రసా నిర్వాహకులు, ఫంక్షన్ హాళ్ళ యజమానులు స్త్రీల కోసం ప్రత్యేకంగా, పరిశుభ్రంగా ఈ వసతి కల్పించడం కూడా నీరు అందించినంత మేలు.

పెద్దవారిలో మరొక సంకోచం ఉంది. నీరు త్రాగితే మాటిమాటికీ వుజూ భంగమవుతుందని, రాత్రి లేవవలసి వస్తుందని వారు దాహంతోనే ఉండిపోతారు. మూత్రాన్ని బిగబట్టి నమాజు చేయడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. మూత్రంపై పట్టు కోల్పోయిన రోగికి ఫిఖహ్ పండితులు సడలింపు చూపారు. హనఫీ విధానం ప్రకారం, అటువంటి రోగి ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే ఆ వేళంతా అది చెల్లుతుంది. తమ పరిస్థితికి ఇది వర్తిస్తుందో లేదో దగ్గరలోని ఆలిమును అడిగి తెలుసుకోవాలి. ధర్మం సులభం చేసిన చోట మనం శరీరాన్ని కష్టపెట్టుకోనక్కరలేదు. పగటిపూట ఎక్కువగా, పడుకునే ముందు రెండు గంటలు తక్కువగా త్రాగితే రాత్రి ఇబ్బంది కొంత తగ్గుతుంది.

రమజాన్‌లో నీటి ప్రణాళిక

ఉపవాసం దాహాన్ని భరించడం నేర్పుతుంది, దేహాన్ని పాడుచేసుకోమని చెప్పదు. సహరీలో శుభం ఉందని, కనీసం ఒక గుక్క నీరైనా త్రాగి దాన్ని విడువకుండా ఉండమని ప్రవక్త (స) ప్రోత్సహించారు. ఇఫ్తార్‌కు తాజా ఖర్జూరాలు, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలు, అవీ లేకుంటే కొన్ని గుక్కల నీరు చాలునన్నది ఆయన ఆచరణ అని హజ్రత్ అనస్ (రజి) తెలియజేశారు. కొన్ని గుక్కలు అన్న మాట గమనార్హం.

సహరీ ముగిసే వేళకు లీటరు నీరు ఒక్కసారిగా త్రాగినంత మాత్రాన అది సాయంత్రం దాకా నిలువ ఉండదు. మూత్రపిండాలు అదనపు నీటిని రెండు మూడు గంటలలోనే బయటకు పంపివేస్తాయి. ఇఫ్తార్ నుండి సహరీ వరకు ఉన్న సమయమంతా నీటిని పంచుకోవడమే మేలైన పద్ధతి. ఉదాహరణకు, ఇఫ్తార్‌లో నెమ్మదిగా రెండు గ్లాసులు, మగ్రిబ్ నమాజు తర్వాత భోజనంతో ఒకటి, ఇషాకు ముందు ఒకటి, తరావీహ్ తర్వాత రెండు, సహరీలో రెండు. ఇది విధి కాదు, వీలైన ఒక క్రమం మాత్రమే. ఎండను బట్టి, పనిని బట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. సహరీలో ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు ఎక్కువైన వేపుళ్ళు తగ్గించి, పెరుగు, దోసకాయ, పండ్లు చేర్చుకుంటే పగటి దాహం తేలికవుతుంది. గాఢమైన షర్బత్‌లతో కడుపు నింపుకుంటే చక్కెర చేరుతుందే గాని దాహం తీరదు.

రోగికి, ప్రయాణికునికి ఉపవాసాలను వేరే దినాలలో పూర్తిచేసుకునే సౌలభ్యాన్ని బఖరా సూరా 184, 185 ఆయతులు ప్రసాదించాయి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, మూత్రం ఎక్కువగా వెలువడేందుకు బిళ్ళలు వాడేవారు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు రమజాన్‌కు కొన్ని వారాల ముందే వైద్యుణ్ణి, ఆలిమును ఇద్దరినీ సంప్రదించడం వివేకం. ఉపవాసంలో ఉండగా స్పృహ తప్పుతున్నట్లు, తికమకగా అనిపిస్తే, వేడి దెబ్బ లక్షణాలు కనిపిస్తే ఉపవాసాన్ని విరమించాలి. చేజేతులా మిమ్మల్ని మీరు నాశనానికి గురిచేసుకోవద్దని అదే సూరా 195వ ఆయతు హెచ్చరిస్తున్నది.

త్రాగే పద్ధతి, నీటి శుద్ధి

ఎంత అన్నదానితో పాటు ఎలా అన్నది కూడా ప్రవక్త (స) నేర్పారు. ఆయన నీటిని ఒక్క ఊపిరిలో గటగటా త్రాగక, మధ్యలో మూడుసార్లు ఊపిరి తీసుకుంటూ త్రాగేవారు. అది దాహాన్ని బాగా తీరుస్తుందని, ఆరోగ్యకరమని చెప్పారు. పాత్రలోనికి ఊపిరి వదలడాన్ని నిషేధించారు. రాత్రివేళ పాత్రలపై మూత పెట్టమన్నారు. కడుపులో మూడింట ఒక వంతు ఆహారానికి, ఒక వంతు పానీయానికి, ఒక వంతు శ్వాసకు అని తిర్మిజీలోని హదీసు తూకం చూపింది. ఆయన ఒక ముద్ద్ నీటితో వుజూ, నాలుగైదు ముద్ద్‌ల నీటితో గుసుల్ ముగించేవారని బుఖారీ, ముస్లింలలో ఉంది. ముద్ద్ అంటే రెండు చేతుల దోసిలి నిండేటంత కొలత. కుళాయి విప్పి వుజూ చేసే మనం ఎంత వదిలివేస్తున్నామో ఒకసారి బకెట్ పెట్టి చూసుకుంటే తెలుస్తుంది.

నీటి పరిమాణం మాట్లాడేటప్పుడు నీటి గుణాన్ని మరువరాదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీరు తరతరాల ఎముకలను వంచిన సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం. వేరే ఆధారం లేనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీటిని రోజుకు లీటరు త్రాగేవారికి 3 మిల్లీగ్రాములు చేరితే, ఎండలో పనిచేస్తూ నాలుగు లీటర్లు త్రాగే రైతు కూలీకి 12 మిల్లీగ్రాములు చేరుతాయి. ఎండ ప్రాంతంలో, ఎక్కువ శ్రమించే పేదవానికే హాని ఎక్కువ. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి బోరు నీరు త్రాగే గ్రామాలలో ఆ నీటిని పరీక్ష చేయించడం ఊరి పెద్దల బాధ్యత.

కొలతకు ఆవల

ఇంతకూ రోజుకు ఎంత త్రాగాలి? ఆరోగ్యవంతులైన పెద్దలకు సాధారణ దినాలలో ఒకటిన్నర నుండి రెండు, రెండున్నర లీటర్ల వరకు ద్రవాలు చాలును. వేసవిలో, శ్రమలో, పాలిచ్చే కాలంలో అంతకంటే ఎక్కువ కావాలి. రోగులకు వైద్యుడు చెప్పినదే కొలత. దాహాన్ని ఆలకించడం, మూత్రం రంగును గమనించడం, పిల్లలకు, పెద్దలకు అడగకముందే అందించడం, ఇవి ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోదగిన నియమాలు.

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన తల్లి మరణించాక, ఆమె తరఫున ఏ దానం శ్రేష్ఠమని అడిగినపుడు, ప్రవక్త (స) నీరు అని సమాధానమిచ్చారు. ఆయన ఒక బావి త్రవ్వించి తల్లి పేరిట అంకితం చేశారు. దాహంతో నాలుక చాచిన కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీరు నింపి పైకి తెచ్చిన మనిషిని అల్లాహ్ క్షమించాడని బుఖారీ, ముస్లింల హదీసు తెలుపుతున్నది. మనం ఎన్ని గ్లాసులు త్రాగామో లెక్కించుకోవడం మంచిదే. ఎండలో తపాలా తెచ్చినవారికి, చెత్తబండి తోసేవారికి, మన వాకిట ఇల్లు కట్టే కూలీలకు ఎన్ని గ్లాసులు అందించామన్న లెక్క కూడా ఒకటుంది. అది మన కర్మల చిట్టాలో వ్రాయబడుతుంది.